ఇంట్లో పెద్దవారి నడకను గమనించడం, కొలవడం ఎలా

పెద్దవారి నడక మందగిస్తే వయసు మీద పడిందని సరిపెట్టుకోవడం మన ఇళ్లలో మామూలే. కానీ మెదడు, నరాలు, కండరాలు, కీళ్లు, గుండె, చూపు కలిసి పనిచేస్తేనే అడుగు సరిగా పడుతుంది కాబట్టి, వాటిలో దేనికి ఇబ్బంది వచ్చినా అది నడకలో బయటపడవచ్చు.

ముందుగా వేగం కొలవండి. వరండాలో 4 మీటర్ల దూరంలో సుద్దముక్కతో రెండు గీతలు గీసి, బయలుదేరేటప్పుడూ ఆగేటప్పుడూ వేగం తగ్గుతుంది కనుక, వాటికి అటూ ఇటూ మరో మీటరు చొప్పున చోటు వదలండి. రోజూ వేసుకునే చెప్పులతో, కర్ర వాడేవారైతే కర్రతోనే, మామూలుగా నడవమనండి. పరీక్ష అని చెబితే మాత్రం పౌరుషానికి పోయి పరుగందుకుంటారు. రెండు గీతల మధ్య నడకకు పట్టిన సమయాన్ని రెండుసార్లు కొలిచి, తక్కువ పట్టిన సమయాన్ని తేదీతో రాసుకోండి. 5 సెకన్లు పట్టిందంటే వేగం సెకనుకు 0.8 మీటర్లు, ఆ వేగం గానీ, అంతకంటే తక్కువ గానీ ఉంటే వైద్యులతో మాట్లాడటం మంచిది. 2011లో వెలువడిన ఒక విశ్లేషణ 65 ఏళ్లు దాటిన 34,485 మంది వివరాలను పరిశీలించి, వేగంగా నడిచేవారు ఎక్కువ కాలం జీవించినట్లు చూపింది. అయినా ఈ ఒక్క అంకె రోగనిర్ధారణ కాదు. మూడు నెలల క్రితం అదే మనిషి నడిచిన వేగంతో పోల్చినప్పుడే దానికి విలువ.

తర్వాత తీరు చూడండి. ఒక చేయి ఊగకపోవడం, అడుగులు చిన్నవై నేలను రాసుకోవడం, గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోయినట్లు ఆగడం పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బులో కనిపించే లక్షణాలు. కాలి నుంచి చెప్పు జారినా తెలియడం లేదంటే, చీకట్లో గానీ కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు గానీ తూలుతున్నారంటే, పాదాల్లో స్పర్శ తగ్గిందేమో చూడాలి. మధుమేహం, బి12 లోపం దీనికి సాధారణ కారణాలు. కాళ్లు ఎడంగా పెట్టి ఈడ్చి నడుస్తూ, మతిమరుపు, మూత్రం ఆపుకోలేకపోవడం కూడా మొదలైతే, అది మెదడులో నీరు పేరుకునే, శస్త్రచికిత్సతో మెరుగుపడే సమస్య కావచ్చు కాబట్టి జాప్యం చేయకండి.

ఉన్నట్టుండి ఒక కాలు ఈడుస్తున్నా, ఒక పక్కకు ఒరిగిపోతున్నా, కొలతల జోలికి పోకుండా వెంటనే 108కు ఫోన్ చేయండి.

వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు రాసుకున్న కొలతలు, నిద్రమాత్రలతో సహా వాడుతున్న మందులన్నీ, ఇంట్లో ఆ పెద్దవారు నడుస్తుండగా ఎదురుగా, పక్క నుంచి తీసిన రెండు వీడియోలు వెంట తీసుకెళ్లండి. ఎందుకంటే డాక్టరు ఎదుట చాలామంది ఇంట్లోకంటే బాగానే నడుస్తారు.