లాగిన్ కచ్చితంగా 21 సెకన్లే ఎందుకు ఆగుతోంది? ఆల్వేస్ ఆన్ కనెక్షన్ ఆలస్యాలు: సమస్య - పరిష్కారం

ఫెయిలోవర్ (పని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మారడం) సజావుగా అయిపోయింది. డాష్‌బోర్డ్‌లో అన్నీ పచ్చగా ఉన్నాయి, డేటాబేస్‌లన్నీ సింక్రనైజ్డ్ అంటున్నాయి. అయినా అప్లికేషన్ టీమ్ నుంచి ఫోన్ మీద ఫోన్: "కనెక్ట్ అవ్వట్లేదండీ, టైమవుట్ అంటోంది." మన మెషీన్ నుంచి చూస్తే క్షణంలో కనెక్ట్ అవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆల్వేస్ ఆన్ అవైలబిలిటీ గ్రూపులు (డేటాబేస్‌ల కాపీలని ప్రైమరీ, సెకండరీ సర్వర్లలో ఉంచే ఏర్పాటు) చూసుకునేవాళ్లకి ఇంత టెన్షన్ పెట్టే సమస్య ఇంకోటి లేదు.

ఇలాంటప్పుడు చాలామంది నేరుగా వెయిట్ స్టాటిస్టిక్స్ (సర్వర్ లోపల పనులు దేనికోసం ఎంతసేపు ఆగాయో చెప్పే లెక్కలు) తెరుస్తారు. నా అనుభవంలో అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆలస్యం గుమ్మం బయట జరుగుతోందా, లోపలా? లాగిన్ అసలు సర్వర్ దాకా రాకపోతే ఆ సమయం ఏ వెయిట్‌లోనూ కనిపించదు.

దీన్ని డాట్‌నెట్ ఎర్రర్ మెసేజే చెప్పేస్తుంది. టైమవుట్ మెసేజ్ చివర ప్రీ-లాగిన్ అని రాసి, ఇనిషియలైజేషన్‌కి ఎన్ని మిల్లీసెకన్లు, హ్యాండ్‌షేక్‌కి ఎన్ని అని విడివిడిగా ఇస్తుంది. సమయమంతా ఇనిషియలైజేషన్ దగ్గరే పోతే నెట్‌వర్క్, డీఎన్ఎస్ వైపు చూడండి. హ్యాండ్‌షేక్ దగ్గర పోతే చాలాసార్లు సర్వర్ తలుపు తీసి కూడా పలకడం లేదని అర్థం. పూల్ (మళ్లీ వాడుకోవడానికి అప్లికేషన్ దాచుకునే కనెక్షన్లు) నుంచి కనెక్షన్ దొరకలేదని ఉంటే అది అప్లికేషన్ సంగతి. డాట్‌నెట్ పూల్ పరిమితి డిఫాల్ట్‌గా 100. కనెక్షన్ తెరిచి మూయని కోడ్ ఎక్కడుందో వెతకమనండి.

కొన్ని లాగిన్లు వెంటనే, కొన్ని టైమవుట్

లక్షణం: ప్రైమరీ ఒక ఊళ్లో, డీఆర్ (విపత్తు వస్తే వాడుకునే సర్వర్) ఇంకో ఊళ్లో, రెండూ వేర్వేరు సబ్‌నెట్లు. ఒకే అప్లికేషన్ ఒకసారి మిల్లీసెకన్లలో కనెక్ట్ అవుతుంది, ఇంకోసారి 15 సెకన్లకి పడిపోతుంది.

అప్లికేషన్ సర్వర్ మీదికే వెళ్లి లిజనర్ (అప్లికేషన్లు గ్రూప్‌కి కనెక్ట్ అయ్యే పేరు) పేరుతో ఎన్ఎస్‌లుకప్ కొట్టండి. మీ ల్యాప్‌టాప్ నుంచి చూసి లాభం లేదు. రెండు ఐపీలు వస్తాయి, ఉదాహరణకి 10.10.1.50, 10.20.1.50. వీటిలో ఒక్కటే ఆన్‌లైన్‌లో ఉంటుంది. రెండోదాని దగ్గర "లేను" అని చెప్పేవాళ్లు కూడా ఉండరు. పాత తీరు డ్రైవర్ ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తుంది. డీఎన్ఎస్ మొదట ఆఫ్‌లైన్ ఐపీ చేతికిస్తే విండోస్ టీసీపీ 3 సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది, తర్వాత 6, తర్వాత 12. మొత్తం 21. డ్రైవర్ డిఫాల్ట్ టైమవుట్ 15 సెకన్లే కాబట్టి సరైన ఐపీ వంతు వచ్చేలోపే కథ ముగుస్తుంది.

మొదటిసారి ఇది తగిలినప్పుడు నేను టైమవుట్‌ని 60కి పెంచాను. ఎర్రర్లు ఆగిపోయాయి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. మర్నాడు లాగ్ తెరిస్తే ఆలస్యమైన ప్రతి లాగిన్ 21 సెకన్ల చిల్లర. ఒకే అంకె పదేపదే కనిపించినప్పుడు అది లోడ్ కాదు, ఎక్కడో ఒక టైమర్. ఆ రాత్రి నేను సమస్యని తీర్చలేదు, కనబడకుండా చేశానంతే.

పరిష్కారం: కనెక్షన్ స్ట్రింగ్‌లో మల్టీ-సబ్‌నెట్-ఫెయిలోవర్ ఆప్షన్ ట్రూ చేయండి. అప్పుడు డ్రైవర్ అన్ని ఐపీలనీ ఒకేసారి తడుతుంది, పలికినదానితో వెళ్తుంది. సబ్‌నెట్ ఒక్కటే అయినా దీన్ని పెట్టుకోవడం మంచిది. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.6.1 నుంచి ఈ ఆప్షన్ లేకపోయినా మొదటి ఐపీకి అర సెకను ఇచ్చి, తర్వాత అన్నిటినీ కలిపి ప్రయత్నిస్తుంది. అందుకే ఆ ఫ్రేమ్‌వర్క్ మీద నడిచే అప్లికేషన్లలో ఈ జబ్బు అర సెకను కుదుపుగానే కనిపిస్తుంది.

ఈ ఆప్షన్ తెలియని పాత డ్రైవర్ మిగిలిపోతే క్లస్టర్‌లో రిజిస్టర్-ఆల్-ప్రొవైడర్స్-ఐపీ విలువ 0 చేసి (డీఎన్ఎస్‌లో ఆన్‌లైన్ ఐపీ ఒక్కటే ఉండేలా), హోస్ట్ రికార్డ్ టీటీఎల్‌ని, అంటే డీఎన్ఎస్ జవాబుని దాచుకునే సమయాన్ని, 300 సెకన్లకి తగ్గించాలి. దాని డిఫాల్ట్ 1200, అంటే ఫెయిలోవర్ తర్వాత 20 నిమిషాల దాకా పాత ఐపీనే పట్టుకుని వేలాడొచ్చు. ఒక్క జాగ్రత్త: ఇది అమల్లోకి రావాలంటే లిజనర్ నేమ్‌ని ఆఫ్‌లైన్ చేసి ఆన్‌లైన్ చేయాలి. అవైలబిలిటీ గ్రూప్ దాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి గ్రూప్ కూడా దిగిపోతుంది. పట్టపగలు చేయకండి.

ఎవరూ లోపలికి రాలేరు, సీపీయూ మాత్రం ఖాళీ

హ్యాండ్‌షేక్ దగ్గర ఆగితే అనుమానించాల్సింది థ్రెడ్‌పూల్ వెయిట్‌ని. లాగిన్‌కి కూడా ఒక వర్కర్ థ్రెడ్ కావాలి. డిఫాల్ట్‌గా 16 సీపీయూల సర్వర్‌కి దొరికేవి 704. అవన్నీ ఎక్కడో ఇరుక్కుంటే కొత్తవాళ్లు గుమ్మంలోనే నిలబడతారు. అలా నిలబడ్డవాటికి ఇంకా సెషనే ఉండదు, కాబట్టి రిక్వెస్టుల వ్యూలో కనిపించవు. వెయిటింగ్ టాస్క్స్ వ్యూలో సెషన్ నంబర్ లేకుండా ఉంటాయి. ఇది చూడ్డానికైనా లోపలికి వెళ్లాలి కదా, అందుకు అడ్మిన్ల కోసం విడిగా ఉంచిన అడ్మిన్ కనెక్షన్ ఉంది. రిమోట్ అడ్మిన్ కనెక్షన్స్ సెట్టింగ్ ఈరోజే ఆన్ చేసి పెట్టుకోండి, మంటలు లేచాక కుదరదు.

మాక్స్ వర్కర్ థ్రెడ్స్ పెంచడం దీనికి మందు కాదు. చాలాసార్లు ఒకే సెషన్ తాళం (లాక్) పట్టుకుని కూర్చుంటే వందల సెషన్లు దాని వెనక క్యూ కట్టి ఉంటాయి. ఆ మొదటి బ్లాకర్‌ని పట్టుకోండి. అది హెచ్ఏడీఆర్ సింక్ కమిట్ మీద ఆగి ఉంటే అసలు దోషి ఈ సర్వర్‌లోనే లేదు. సింక్రనస్ కమిట్‌లో సెకండరీ లాగ్‌ని డిస్క్‌కి రాసి సరేననేదాకా ప్రైమరీ ఆగుతుంది, ఆగినంతసేపూ తాళాలు వదలదు.

సెకండరీ పూర్తిగా పడిపోతే నిజానికి నష్టం తక్కువ. డిఫాల్ట్ సెషన్ టైమవుట్ 10 సెకన్లు దాటాక, తప్పనిసరి సెకండరీ నియమం ఏదీ పెట్టుకోకపోతే, ప్రైమరీ దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. ప్రమాదమంతా బతికుండి నత్తనడక నడిచే సెకండరీతోనే. పింగ్‌కి టంచనుగా జవాబిస్తుంది కాబట్టి టైమవుట్ ఎప్పటికీ రాదు, డిస్క్ మాత్రం కదలదు. పెర్ఫ్‌మాన్‌లో (విండోస్ పనితీరు కొలిచే టూల్) ట్రాన్సాక్షన్ డిలేని, సెకనుకి మిర్రర్డ్ రైట్ ట్రాన్సాక్షన్లతో భాగించండి. ఒక్కో కమిట్‌కి సగటున ఎన్ని మిల్లీసెకన్లు పోతున్నాయో తేలుతుంది. సెకండరీ లాగ్ డ్రైవ్‌లో ఆ సమయానికి బ్యాకప్ గానీ, యాంటీవైరస్ స్కాన్ గానీ నడుస్తోందేమో చూడండి. మరీ ఊపిరాడకపోతే కాసేపు అసింక్రనస్‌కి మార్చొచ్చు, కానీ ఆ కాసేపు ఆటోమేటిక్ ఫెయిలోవర్ ఉండదని, డేటా పోయే అవకాశం ఉందని అందరికీ చెప్పి చేయండి.

వెయిట్ స్టాటిస్టిక్స్‌లో హెచ్ఏడీఆర్ వర్క్ క్యూ అన్నిటికంటే పైన కనబడితే కంగారు పడొద్దు. పనికోసం ఎదురుచూస్తున్న థ్రెడ్లు అవి. ఆ అంకెలు సర్వర్ లేచినప్పటి నుంచి పోగైనవి కాబట్టి రెండుసార్లు తీసి, తేడానే చూడాలి.

సెకండరీకి కనెక్ట్ అయింది, క్వెరీ మాత్రం కదలదు

రీడబుల్ సెకండరీని (చదివే క్వెరీలకి తెరిచిన సెకండరీ) కొత్తగా తెరిచినప్పుడు ఇది కనిపిస్తుంది. వెయిట్ పేరు చివర ట్రాన్సిషన్ టు వర్షనింగ్ అని ఉంటుంది. సెకండరీని తెరవకముందే ప్రైమరీలో మొదలైన ట్రాన్సాక్షన్ ఏదో ఇంకా ముగియలేదు, అది ముగిసేదాకా ఇక్కడి క్వెరీలకి సరైన రో వర్షన్లు (వరుసల పాత ప్రతులు) దొరకవు. సెకండరీలో ఎంత తవ్వినా ఏమీ దొరకదు. ప్రైమరీకి వెళ్లి డీబీసీసీ ఓపెన్‌ట్రాన్ (ముగియని పాత ట్రాన్సాక్షన్‌ని చూపే కమాండ్) నడపండి. ఎవరో బిగిన్ ట్రాన్ కొట్టి భోజనానికి వెళ్లిన విండో అయితే ఫోన్ చేసి కమిట్ చేయించండి, మనిషి దొరక్కపోతే ఆ సెషన్‌ని కిల్ చేయండి. రోల్‌బ్యాక్ పూర్తయ్యాక సెకండరీలో ఆగిన క్వెరీలు వాటంతట అవే కదులుతాయి.