చేసిన పనికి డబ్బు రావడం లేదా? బిల్లు ఎక్కడ ఆగిందో ముందు కనిపెట్టండి

అనువాదం, పేజీల డిజైన్ నా వృత్తి. ఒక సంస్థకు నలభై పేజీల శిక్షణ పుస్తకం చేసి ఇచ్చాక నాలుగు నెలలు డబ్బు రాలేదు. పని అప్పగించిన అధికారి అడిగినప్పుడల్లా మర్యాదగా “వచ్చే వారం” అనేవారు. చివరికి నేరుగా అకౌంట్స్ విభాగానికి వెళ్తే, అక్కడి ఉద్యోగిని ట్రే అడుగు నుంచి నా బిల్లు తీశారు. పై మూలన పెన్సిలుతో “పీవో నంబరు?” అని రాసి ఉంది. పీవో అంటే పర్చేజ్ ఆర్డర్, పని ఇస్తూ సంస్థ జారీ చేసే ఆర్డరు కాగితం. ఆ ప్రశ్న నాదాకా రానేలేదు. నంబరు వేసి కొత్త బిల్లు ఇచ్చాను. తొమ్మిదో రోజున డబ్బు పడింది. ఆ నాలుగు నెలలు ఇల్లు గడవడానికి చేసిన అప్పు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆలస్యానికీ ఎగవేతకూ మందు ఒకటి కాదు. ఏది ఏదో తెలియకుండా గొడవకు దిగితే డబ్బూ రాదు, పనీ పోతుంది.

సమస్య: “ప్రాసెస్‌లో ఉంది” అంటూ నెలలు గడుపుతున్నారు

కారణం: పెద్ద సంస్థల్లో పని చేయించుకునేవారు వేరు, డబ్బు విడుదల చేసేవారు వేరు. పర్చేజ్ ఆర్డర్ నంబరు లేకపోయినా, పాన్ కార్డులో పేరు ఒకలా, బ్యాంకు ఖాతాలో మరోలా ఉన్నా కాగితం కదలదు.

పరిష్కారం: అకౌంట్స్ విభాగానికి మెయిల్ రాసి మూడు సంగతులు అడగండి. బిల్లు చేరిందా? ఏ తేదీన నమోదైంది? ఏ కాగితం తక్కువైంది? “డబ్బు ఎప్పుడు ఇస్తారు” అనే ప్రశ్నకు వాయిదా జవాబుగా వస్తుంది. వీటికి మాత్రం ఎవరో ఒకరు ఫైలు తెరిచి చూడక తప్పదు.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద టీడీఎస్ (డబ్బిచ్చేవారే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) జమలు కూడా చూసుకోండి. సొమ్ము చెల్లించినప్పుడు గానీ, లెక్కల్లో మీ పేర జమ రాసినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు టీడీఎస్ కోయాలి. చేతికి రూపాయి రాకుండానే అక్కడ కోత కనిపిస్తే మీ బిల్లు వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కినట్టే. ఆ వివరాన్ని ఫొటో తీసి మెయిల్‌కు జత చేయండి. “మాకు బిల్లే అందలేదు” అన్నవాళ్లు ఆ తర్వాత ఆ మాట అనలేరు.

సమస్య: “ఇంకొన్ని మార్పులు” అంటూ ముగించడం లేదు

కారణం: పని ఎక్కడితో పూర్తయినట్టో ముందుగా రాసుకోకపోవడం. కొందరు దీన్ని వాయిదాకు సాకుగా వాడుకుంటారు.

పరిష్కారం: తుది ప్రతిని మెయిల్‌లో పంపి, అప్పగించిన తేదీ స్పష్టంగా రాయండి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే అప్పగించిన రోజే అంగీకరించినట్టు లెక్క. ఫోనులో చెప్పిన మార్పులను కూడా అదే రోజు “మీరు చెప్పినవి ఇవి” అని మెయిల్‌లో పెట్టండి.

సమస్య: “మాకు పైనుంచి రాలేదు, వస్తే ఇస్తాం”

కారణం: మధ్యలో ఉన్న ఏజెన్సీ మీ డబ్బుతో తన రోజులు నెట్టుకొస్తోంది. నాకు అన్నింటికంటే కష్టంగా తోచేది ఇదే. మీ ఒప్పందం ఏజెన్సీతో, దాని పై క్లయింటుతో కాదు.

పరిష్కారం: ఉద్యమ్ నమోదు, అంటే సూక్ష్మ, చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవడం. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో రుసుము లేకుండా అవుతుంది. ఒంటరిగా పనిచేసే డిజైనరైనా, ప్రోగ్రామరైనా చేసుకోవచ్చు. బకాయి పడ్డాక కాదు, పని ఒప్పుకోకముందే చేసుకోండి. ఆ నంబరును ప్రతి బిల్లు మీద వేయండి.

సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువును పైన చెప్పిన ఎంఎస్ఎంఈడీ చట్టమే కట్టడి చేస్తుంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉంటే అందులో ఏం రాసుకున్నా 45 రోజులకు మించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. పైగా 2023లో ఆదాయపు పన్ను చట్టంలో వచ్చిన మార్పు వల్ల, గడువు దాటిన మీ సొమ్మును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే వాళ్లు ఖర్చుగా చూపుకోగలరు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు, మార్చి మొదటి వారంలో ఈ సంగతి గుర్తుచేస్తూ వాళ్ల అకౌంటెంటుకు మర్యాదగా ఒక మెయిల్ రాయండి. గట్టి నోటీసు కంటే ఇది ముందు పనిచేయడం చూశాను.

మీకు జీఎస్టీ నమోదు ఉంటే భారం ఇంకా ఎక్కువ. డబ్బు రాకపోయినా బిల్లు వేసినందుకు పన్ను కట్టాల్సిందే. అయితే 180 రోజుల్లో మీకు చెల్లించకపోతే వాళ్లు తీసుకున్న పన్ను క్రెడిట్‌ను (మీ బిల్లులోని జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని) వడ్డీతో వెనక్కి కట్టాలి. ఇదీ గుర్తుచేయండి.

సమస్య: ఫోను ఎత్తడం లేదు, మెయిల్‌కు జవాబు లేదు

కారణం: ఇవ్వలేకపోవడం, లేదా ఇవ్వదలుచుకోకపోవడం.

పరిష్కారం: ముందుగా ఆర్డరు, తుది ఫైలు పంపిన మెయిల్, బిల్లు, వాట్సాప్ సంభాషణ ఒకచోట చేర్చండి. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. దానికీ కదలకపోతే, ఉద్యమ్ నమోదు ఉన్నవారు ఎంఎస్ఎంఈడీ చట్టం కింద బకాయిల వివాదాలు చూసే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పుకు వెళ్తుంది. చట్టం 90 రోజులన్నా ఆచరణలో ఎక్కువ పడుతుంది, దానికి సిద్ధపడండి. కానీ ఆ తీర్పును కొట్టేయించుకోవాలంటే అవతలివారు ముందు 75 శాతం సొమ్ము జమ చేయాలి. చిన్నవాడికి చట్టం ఇచ్చిన బలమైన అండ ఇది.

మామూలుగా సివిల్ దావాకు గడువు మూడేళ్లు. ఆలోపు వాళ్లు బాకీ ఒప్పుకుంటూ రాసిస్తే ఆ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. అందుకే “త్వరలో ఇస్తాం” అనే మాటను ఎప్పుడూ రాతలోనే తీసుకోండి.

సమస్య: చెక్కు తిరిగొచ్చింది

ఇక్కడ రోజులే ముఖ్యం. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక చెల్లించడానికి వాళ్లకు 15 రోజులు. అప్పటికీ ఇవ్వకపోతే ఆ 15 రోజులు ముగిశాక ఒక నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. మెమో చేతికి రాగానే న్యాయవాదిని కలవండి.

సమస్య: క్లయింటు విదేశంలో ఉన్నాడు

చిన్న మొత్తాలకు అక్కడి కోర్టు మెట్లెక్కడం గిట్టుబాటు కాదు. దీనికి ముందు జాగ్రత్తే పరిష్కారం. సగం అడ్వాన్సు తీసుకోండి. మిగతాది విడతలుగా పెట్టి, ఒక విడత డబ్బు పడ్డాకే తర్వాతి భాగం మొదలుపెట్టండి. నమూనాగా తక్కువ నాణ్యత చిత్రాలు, నీటిముద్ర (వాటర్‌మార్క్) వేసిన పేజీలు చూపించి, మార్చుకోదగిన అసలు ఫైళ్లను చివరి విడత ఖాతాలో కనిపించాకే పంపండి.