ముంజల పొట్టు తేలిగ్గా రావాలంటే

ముంజలు తెచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఇదే టెన్షన్. పొట్టు వగరని పిల్లలు ఉమ్మేస్తారు. తీద్దామంటే గోళ్లకు అంటుకుపోతుంది, ముంజ చితికి లోపలి నీళ్లన్నీ కారిపోతాయి. ఆ తియ్యటి నీళ్ల కోసమే కదా తెచ్చుకునేది!

ఈ వేసవిలో ఇలా చేస్తున్నాను. డజను ముంజలను ఒకసారి కడిగి, మునిగేంత చల్లటి నీళ్లలో వేసి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెడతాను. తర్వాత ఒక్కోటి తీసి, అంచు దగ్గర బొటనవేలితో మెల్లగా గీరి పైకి లాగితే పొట్టు పొరలా వచ్చేస్తుంది. కింద గిన్నె పెట్టుకుని తీయండి, ఒకటీ అరా చిట్లినా నీళ్లు వృథా కావు. మా చిన్నదానికి ఆ గిన్నెలో మిగిలిన నీళ్లే ముందు కావాలి.

లేత ముంజలకే ఇది పనిచేస్తుంది. నొక్కితే మెత్తగా, లోపల నీళ్లు కదులుతున్నట్టు ఉండాలి. ముదిరినవాటికి ఎంత నానబెట్టినా పొట్టు ఊడదు, కండ కూడా రబ్బరులా సాగుతుంది. అవి పిల్లలకు పెట్టకండి. రాత్రంతా నీళ్లలో వదిలేయొద్దు, రుచి చప్పబడిపోతుంది.

ఇంకో మాట. ముంజ జారుడుగా ఉంటుంది, గొంతులో అడ్డం పడొచ్చు. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు బాగా సన్న ముక్కలుగా కోసి, కూర్చోబెట్టి, దగ్గరుండి తినిపించండి.