విదేశీ ఉద్యోగానికి వర్క్ పర్మిట్ ఎలా? డబ్బు కట్టే ముందు చూడాల్సిన కాగితాలు

మా శ్రీకాకుళం జిల్లా కంచిలి, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఏ వీధిలోకి వెళ్లినా, గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడితోటల్ని నేలకూల్చాక బయటికి వెళ్లాలనుకునేవాళ్లు ఇంకా పెరిగారు. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కదా. నేనూ పన్నెండేళ్లు పైప్ ఫిట్టర్‌గా బయట పనిచేసి వచ్చినవాణ్నే. మా ఊరి కుర్రాళ్లు బయల్దేరే ముందు కాగితాలు తెచ్చి నాకు చూపిస్తుంటారు.

కిందటి వేసవిలో ఒక కుర్రాడు ఫోన్ పట్టుకొని వచ్చాడు. "పెదనాన్నా, పర్మిట్ వచ్చీసిందట. ఓపాలి సూడు" అన్నాడు. ఫొటో పెద్దది చేసి చూశాం. పేరు సరిగానే ఉంది, పాస్‌పోర్ట్ నంబరూ సరిగానే ఉంది. వీసా రకం దగ్గర మాత్రం 'టూరిస్ట్, 60 రోజులు' అని ఉంది. కంపెనీ పేరు ఎక్కడా లేదు. అప్పటికే వాళ్లమ్మ మెడలోది తాకట్టు పెట్టి 80 వేలు కట్టేసింది. నెల రోజులు తిరిగితే సగం వెనక్కి వచ్చింది. ఆ కాగితాన్ని డబ్బు కట్టకముందే చూసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధ. అందుకే ఇదంతా వరుసగా రాస్తున్నాను.

1. వీసా వేరు, వర్క్ పర్మిట్ వేరు

వీసా అంటే ఆ దేశంలోకి అడుగుపెట్టనిచ్చే అనుమతి. వర్క్ పర్మిట్ అంటే అక్కడ పని చేసుకోనిచ్చే అనుమతి. చాలా దేశాల్లో పర్మిట్‌కు దరఖాస్తు పెట్టేది మనం కాదు, మనల్ని పెట్టుకునే కంపెనీ. కాబట్టి కంపెనీ పేరు లేకుండా పర్మిట్ వచ్చిందని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి.

పర్మిట్‌లలో రెండు రకాలు ఎక్కువగా వినపడతాయి. ఒకటి ఒకే కంపెనీకి, ఒకే పనికి కట్టుబడినది. మనవాళ్లకు వచ్చేవి దాదాపు ఇవే. రెండోది ఓపెన్ పర్మిట్, అంటే ఎక్కడైనా పనిచేయొచ్చు. కెనడాలాంటి చోట్ల ఇది ఉంది కానీ, అక్కడ చదువు పూర్తిచేసినవాళ్లకు, కొందరు ఉద్యోగుల భార్యాభర్తలకు, ఇలా కొద్దిమందికే ఇస్తారు. గల్ఫ్‌కు 'ఫ్రీ వీసా' అని మనవైపు అమ్ముతుంటారు. చట్టంలో అలాంటిది లేదు. పేరుకు ఒకరి స్పాన్సర్‌షిప్ పెట్టి, బయట ఎక్కడ దొరికితే అక్కడ పనిచేయమంటారు. తనిఖీలో దొరికితే జరిమానా, జైలు, తిరుగు విమానం అన్నీ మన నెత్తినే పడతాయి.

2. ముందు మీ పాస్‌పోర్ట్ తిరగేయండి

పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్ట్ సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద వస్తుంది. అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అలాంటి దేశాలు 18. ఆరు గల్ఫ్ దేశాలు, మలేసియా, ఇరాక్, జోర్డాన్, లెబనాన్, థాయ్‌లాండ్, ఇండోనేసియా లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. సింగపూర్ లేదు. ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్న మహిళలు ఈ దేశాలకు పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. నర్సులైతే ఈసీఆర్ లేకపోయినా ఈ దేశాలకు ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో ఆ పని చూసేది ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థ.

పది పాసై కూడా పాత పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ ఉండిపోయినవాళ్లు, సర్టిఫికెట్ పెట్టి రీఇష్యూకు దరఖాస్తు చేసుకుంటే అది తొలగిపోతుంది. మన జిల్లావాళ్లకు విశాఖ పాస్‌పోర్ట్ ఆఫీసే దిక్కు. ఈ పని ఏజెంటు చేతిలో పెట్టకండి, దరఖాస్తు ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు.

3. మీ చేతిలో పనికి ఏ దారి సరిపోతుంది?

వెల్డర్, ఫిట్టర్, రిగ్గర్, స్కాఫోల్డర్ పని వచ్చినవాళ్లకు దగ్గరి దారులు గల్ఫ్, సింగపూర్.

యూఏఈ అయితే ముందు కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వస్తుంది. దాన్ని అక్కడి కార్మిక శాఖ నమోదు చేస్తుంది. మీరు సంతకం చేశాక ఎంట్రీ పర్మిట్, దేశంలో దిగాక మెడికల్, ఎమిరేట్స్ ఐడీ. ఆఫర్ లెటర్‌లో ఉన్న జీతమే తర్వాత కాంట్రాక్ట్‌లోనూ ఉండాలి. అక్కడి 2021 కార్మిక చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి, కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు. ఈ ఒక్క మాట తెలియక లక్షలు పోసుకున్న కుటుంబాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి.

సౌదీకి కొన్ని ట్రేడ్‌లకు ఇక్కడే తకామోల్ స్కిల్ పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాతే వీసా స్టాంపింగ్. దిగాక ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, తీయించే బాధ్యత కంపెనీదే. వీసా మీద ఏ పని రాశారో చూసుకోండి. హౌస్ డ్రైవర్ వీసా మీద వెల్డింగ్ పనికి వెళ్తే, అక్కడ మీకు చట్టం అండ ఉండదు.

సింగపూర్‌లో మూడు మెట్లున్నాయి. నిర్మాణం, షిప్‌యార్డ్, ప్రాసెస్ (రిఫైనరీ, కెమికల్ ప్లాంట్) పనులకు వర్క్ పర్మిట్. మధ్యస్థాయి నైపుణ్యానికి ఎస్ పాస్. ఇంజినీర్లు, మేనేజర్ల లాంటివాళ్లకు ఎంప్లాయ్‌మెంట్ పాస్. ఈ చివరిదానికి 2025 నుంచి నెల జీతం కనీసం 5,600 సింగపూర్ డాలర్లు ఉండాలి. వర్క్ పర్మిట్ మీద వెళ్లేవాళ్లకు ముందుగా ఐపీఏ (సూత్రప్రాయ ఆమోదం) అనే లెటర్ వస్తుంది. మీ మూల జీతం, అలవెన్సులు, కోతలు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ లెటర్ మీ చేతికి రాకుండా విమానం ఎక్కొద్దు. పర్మిట్ మీద ప్రభుత్వానికి కట్టే లెవీ కంపెనీదే, మీ జీతంలోంచి కోయకూడదు.

చదువుకున్న పిల్లలకు దారులు వేరు. జర్మనీలో అర్హత గుర్తింపు పొందినవాళ్లకు స్కిల్డ్ వర్కర్ వీసా, బ్లూ కార్డ్ ఉన్నాయి. 2024 జూన్ నుంచి ఉద్యోగం వెతుక్కోవడానికే ఆపర్చునిటీ కార్డ్ కూడా ఇస్తున్నారు. జపాన్ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ పద్ధతికి జపనీస్ భాషలో ఎన్4 అనే ప్రాథమిక స్థాయి, ఒక స్కిల్ పరీక్ష కావాలి. ఐటీఐ, డిప్లొమా పిల్లలు దీని గురించి తప్పకుండా ఆలోచించాలని నా అభిప్రాయం. భాషకు పెట్టిన ఏడాది వృథా పోదు. బ్రిటన్‌లో కేర్ వర్కర్ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం 2025 జూలై 22తో ఆపేశారు. ఇప్పటికీ ఆ పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్లుంటే నమ్మకండి. అమెరికా హెచ్1బీ కంపెనీ వేసే దరఖాస్తు, దాని మీద లాటరీ. డబ్బుతో కొనుక్కునేది కాదు.

4. ఏజెంటు లైసెన్స్ చూడటం

విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. ఆఫీసు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, అడ్రస్ మూడూ పోల్చి చూడండి. పేరు కలిసి అడ్రస్ కలవకపోతే ఆ జాబితాలో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగండి. లైసెన్స్ ముంబైలోనో చెన్నైలోనో ఉన్న ఆఫీసుది. మన ఊళ్లో బండి మీద తిరిగే సబ్ ఏజెంటుది కాదు. అతను మన చుట్టమే కావచ్చు, మంచివాడే కావచ్చు. "మావయ్యని నంబరు అడిగితే ఏటనుకుంటాడో" అని మొహమాటపడి మోసపోయినవాళ్లే ఎక్కువ. అడగండి. మావయ్య కూడా అదే కాగితం చూడకుండా ఎవరినో నమ్మి ఉండొచ్చు.

మన దేశ నియమాల ప్రకారం ఇక్కడి ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. రసీదు ఇచ్చి తీరాలి. బ్యాంకు ద్వారానే కట్టండి. నగదు ఇస్తేనే సీటు అంటే లేచి వచ్చేయండి.

5. పర్మిట్ కాగితం చదివే పద్ధతి

కాగితాన్ని వెలుతురులో పెట్టుకొని, పక్కన పాస్‌పోర్ట్ తెరిచి కూర్చోండి. ఒక్కో గడి మీద వేలు పెట్టి చదవండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే దిద్దించుకోవాలి. పాస్‌పోర్ట్ నంబరు, కంపెనీ పేరు, పని పేరు, జీతం, ఎన్ని నెలలకు అన్నది చూడండి. జీతం పక్కన ఏ కరెన్సీ ఉందో చూడండి. 'బేసిక్' ఎంత, ఓవర్‌టైమ్ కలిపి చెప్పింది ఎంత అన్నది విడదీసి రాసుకోండి. ఏజెంట్లు నోటితో చెప్పేది ఎప్పుడూ కలిపిన లెక్కే. కాగితం మీద రిఫరెన్స్ నంబరు ఉంటే ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. యూఏఈ, సింగపూర్ రెండింటికీ ఈ సౌకర్యం ఉంది. ఏజెంటు పంపిన లింకు నొక్కొద్దు, అడ్రస్ మీరే టైప్ చేయండి.

డేటా ఎంట్రీ పని, ఇంటర్వ్యూ వాట్సాప్‌లో, థాయ్‌లాండ్‌కు టూరిస్ట్ వీసా అంటే మరీ జాగ్రత్త. ఇలాంటి ఆశలు చూపించి కుర్రాళ్లను కంబోడియా, మయన్మార్‌లకు చేర్చి సైబర్ మోసాలు చేయించారు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు మన ఉత్తరాంధ్ర పిల్లలదే.

6. బయల్దేరే ముందు

ఈసీఆర్‌వాళ్లు క్లియరెన్స్, దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. నామినీ పేరు సరిగా రాయించండి. పెళ్లయ్యాక కూడా నామినీగా అమ్మ పేరే ఉండిపోవడం నేను చూశాను.

పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్ట్, ఏజెంటు రసీదు అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒకటి మీ దగ్గర, ఇంకొకటి ఇంట్లో. ఫొటోలు తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కు పంపండి, మీ ఫోన్ పోయినా అవి ఉంటాయి. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్ట్ కంపెనీ లాగేసుకుంటే, గల్ఫ్ దేశాల్లోనూ అది చట్టవిరుద్ధమే. మన ఎంబసీకి చెప్పండి. ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ప్రవాస కార్మికుల సహాయ నంబరు 1800 11 3090. వెళ్లే రోజు దాన్ని ఇంటి గోడ మీద, క్యాలెండర్ పక్కన, పెద్ద అంకెలతో రాసి వెళ్లండి.