పాత ఎంటర్‌ప్రైజ్ 3డీ మోడల్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

సెప్టెంబర్ 8 వస్తోంది కదా, 1966లో అమెరికన్ టీవీ సిరీస్ స్టార్ ట్రెక్ మొదటి ఎపిసోడ్ వచ్చిన రోజు, ఆ టైంకి బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సిరీస్‌లోని అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్ రెడీ చేద్దామనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– ఫస్ట్ స్కేల్ తేల్చుకోండి. గెలీలియో షటిల్ (ఎంటర్‌ప్రైజ్‌లో ఉండే చిన్న ఓడ) షూటింగ్‌కి కట్టిన బయటి మాకప్ చిన్నది, లోపలి సెట్ అందులో పట్టదు. రెండూ కలిపేద్దామని మొదలెట్టి సగం పనయ్యాక ఇది తెలిస్తే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది, అందుకే వేర్వేరు ఫైల్స్‌గా చేయడమే నయం అని నా గట్టి నమ్మకం.

– ఎంటర్‌ప్రైజ్ కుడివైపు చేసేసి, ఎడమవైపుకి గుడ్డిగా మిర్రర్ (అద్దంలోలా కాపీ) కొట్టొద్దు. సిరీస్ తీయడానికి వాడిన 11 అడుగుల షూటింగ్ మోడల్‌కి వైర్లన్నీ ఆ వైపు నుంచే వచ్చేవి, అందుకే అటు డీటెయిల్ పూర్తి చేయలేదు. షూటింగ్ మోడల్ చేస్తున్నారా, కథలో ఓడ చేస్తున్నారా అన్నది ముందే అనుకోండి.

– స్క్రీన్‌షాట్ నుంచి రంగులు తీయొద్దు. ఓడ కెప్టెన్ కిర్క్ చొక్కానే నిజానికి ఆకుపచ్చ, తెర మీద బంగారు రంగులో కనిపించింది.

– రిఫరెన్స్ ఫొటో ఏ ఏడాదిదో చూడండి. అసలు మోడల్ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌ మ్యూజియంలో ఉంది, 1990ల్లో వేసిన పెయింట్‌లో ప్యానెల్ గీతలు మరీ ముదురు, సిరీస్‌లో అలా ఉండవు. 2016 రిస్టోరేషన్ తర్వాతి ఫొటోలు తీసుకోండి.