ఖరీదైన ఇయర్‌బడ్స్ కొనే ముందు రబ్బరు టిప్ మార్చి చూడండి

రాయగడ నుంచి విశాఖకు నెలకు రెండుసార్లు రైల్లో తిరిగే మనిషిగా చెప్తున్నాను, పది పన్నెండు వేలు పెట్టి ఇయర్‌బడ్స్ కొందామనుకునేవాళ్లు ముందు ఇప్పుడున్న వాటి రబ్బరు టిప్ మార్చి చూడండి. బేస్, అంటే డ్రమ్ముల్లాంటి లోతైన శబ్దం, రావడం లేదంటే చాలాసార్లు తప్పు స్పీకర్‌ది కాదు, చెవికీ టిప్‌కీ మధ్య సందుంటే బేస్ అంతా అందులోంచే పోతుంది. నాకు కుడి చెవికి మీడియం, ఎడమ చెవికి లార్జ్ సరిపోయాయి, రెండింటికీ ఒకే సైజు ఉండాలన్న రూలేమీ లేదు. పెట్టుకుని దవడ ఆడించండి, వదులైతే సైజు మార్చండి.

నాయిస్ క్యాన్సిలేషన్‌కి డబ్బు పెట్టొచ్చు, కానీ అది రైలు, ఫ్యాన్, బస్సు ఇంజన్ లాంటి ఒకే తీరు మోతనే బాగా తగ్గిస్తుంది, పక్క సీట్లో ఒడియాలోనో తెలుగులోనో సాగే కబుర్లను అంతగా ఆపదు. ఐఫోన్ వాడేవాళ్లు ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటను ఎక్కువ నాణ్యతతో పంపే పద్ధతి) ఉందని ఎక్కువ డబ్బు ఇవ్వకండి, ఐఫోన్‌లో అది పనిచేయదు. వైర్‌లెస్ వాటిలో బ్యాటరీ చాలా చిన్నది, రెండు మూడేళ్లకు నీరసిస్తుంది, ఎక్కువ మోడల్స్‌లో మార్చడానికీ వీలుండదు. పాటలు శ్రద్ధగా వినేవాళ్లయితే రెండు వేలలో వైరు ఊడదీసి మార్చుకునే రకం కొనుక్కోండి, వైరు పోతే వైరొక్కటే మార్చుకోవచ్చు.