అరటిపండుతో ఇంటి తీపి – 3వ పాఠం: ఓవెన్ లేని కేకు

పోయిన పాఠంలో అప్పాలు వేశాం. నడుమ పచ్చిగా ఉండిపోయాయంటే పిండి జారైందన్నమాట. రెండు చెంచాలు బియ్యప్పిండి కలిపి, మంట తగ్గించి మళ్లీ వేయండి. ఈసారి కేకు. ఓవెన్ లేదు కదా అని ఈ పాఠం దాటేయకండి, మా ఇంట్లోనూ లేదు.

ఈ కేకు మా ఇంట్లో మొదలైంది కార్తీకమాసంలో. వ్రతం అయింది, వచ్చినవాళ్లకు పంచాం, ఇంకా రెండు అత్తాల అరటిపండ్లు మిగిలాయి. మూడో రోజుకి తొక్క మీద మచ్చలు, నాలుగో రోజుకి ముసురుకునే దోమలు. ఆవుకి పెడదామంటే పక్కింటివాళ్లు అప్పటికే పెట్టేశారు. అలా మిగిలిన పండుకే ఈ పాఠం. బాగున్న పండుని కేకులో వేయడం నాకు మనసొప్పదు, అది తినాల్సిందే.

ముందు పండు సంగతి తేల్చుకుందాం, సగం కేకులు ఇక్కడే చెడతాయి. విదేశీ వీడియోల్లో ‘మూడు అరటిపండ్లు’ అంటారు. ఏ మూడు? వాళ్ల దుకాణాల్లో దొరికేది దాదాపు ఒకటే రకం, కావెండిష్. రావులపాలెం మార్కెట్‌లో ఒక చుట్టు తిరిగి చూడండి: కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత, ఇప్పుడు కావెండిష్ జాతి పొడుగు పండ్లు కూడా. మూడు కర్పూరాలూ మూడు పొడుగు పండ్లూ ఒకటి ఎలా అవుతాయి? అందుకే ఈ పాఠాల్లో పండ్లు లెక్కపెట్టం, తొక్క తీసిన గుజ్జుని తూస్తాం. ఈ కేకుకి 300 గ్రాములు. ఇంట్లో తూకం లేకపోతే మెదిపిన గుజ్జు ఒకటింపావు కప్పు. ఇక్కడ కప్పంటే 240 మిల్లీలీటర్లది.

రకాన్ని బట్టి కేకు మారుతుంది. చక్కెరకేళి మెత్తన, తీపి ఎక్కువ, బెల్లం ఒక చెంచా తగ్గించినా సరిపోతుంది. కర్పూరం కాస్త గట్టిది, నాలిక్కి సన్నని పులుపు తగులుతుంది. కేకుకి నా ఓటు దానికే, ఆ పులుపు సోడాకి పనికొస్తుంది, ఎలాగో కింద చెప్తాను. కాకపోతే తడి తక్కువ కాబట్టి రెండు చెంచాల పాలు అదనం. అమృతపాణి వాసన గొప్పది, కానీ బాగా ముగ్గకపోతే లోపల గట్టి ఉండలు ఉండిపోతాయి. బొంత ఇందులో వద్దు.

ముగ్గిందో లేదో తొక్క రంగు చూసి చెప్పకండి. కర్పూరం, చక్కెరకేళి అయితే మచ్చలు నమ్మొచ్చు. కావెండిష్ జాతి పండ్లు మన ఎండాకాలం వేడిలో ముగ్గితే లోపల మెత్తబడినా పైన ఆకుపచ్చగానే ఉంటాయి. దీనికి తిరగేసిన మోసం ఫ్రిజ్‌లో పెట్టిన పండుది. తొక్క నల్లబడుతుంది, లోపల ముగ్గదు. ఆ నలుపు చలికి వచ్చింది, పండి వచ్చింది కాదు. కాబట్టి వాసన చూడండి, కాడ దగ్గర నొక్కి చూడండి. పచ్చికాయలో నూటికి ఇరవై పాళ్ల దాకా ఉండే పిండిపదార్థం, బాగా ముగ్గేసరికి ఒకటి రెండు పాళ్లకి దిగి మిగతాదంతా చక్కెరవుతుంది. మనకి కావాల్సింది ఆ చక్కెరే. తొందరగా ఉంటే ఒక ముగ్గిన పండుతో కలిపి బియ్యం డబ్బాలో పెట్టండి. పండులోంచి వచ్చే ఇథిలీన్ వాయువు డబ్బాలో నిలిచి మిగతావాటినీ ముగ్గబెడుతుంది. మన పెద్దవాళ్లు గడ్డిలో కప్పిపెట్టిందీ ఇందుకే.

ఇక సరుకులు. గోధుమపిండి 200 గ్రాములు (సగం మైదా వేస్తే గుల్లగా వస్తుంది), బెల్లం 120 గ్రాములు, కమ్మటి పెరుగు పావు కప్పు, వాసన లేని నూనె లేదా కరిగిన నెయ్యి పావు కప్పు మీద రెండు చెంచాలు, తినే సోడా ముప్పావు టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, యాలకులు నాలుగు, జీడిపప్పు మీ ఇష్టం. గుడ్డు తినేవాళ్లు ఒకటి వేసుకుని పెరుగు సగం చేసుకోవచ్చు.

బెల్లాన్ని రెండు చెంచాల నీళ్లతో కరిగించి వడకట్టండి. ఎంత మంచి బెల్లమైనా అడుగున ఇసుక కనబడుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి. వేడి పాకం పోస్తే పిండి అక్కడక్కడ ఉడికిపోతుంది, సోడా కూడా గిన్నెలోనే పొంగిపోతుంది.

పొయ్యి సిద్ధం చేద్దాం. చాలామంది ప్రెషర్ కుక్కర్‌లో చేస్తారు. అలా చేస్తే రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, మర్చిపోవద్దు. నేను మాత్రం మూత బాగా పట్టే దళసరి పాత గిన్నె వాడతాను. ఖాళీ గిన్నె అంతసేపు పొయ్యి మీదుంటే రంగు మారిపోతుంది, కొత్త కుక్కర్ పాడుచేసుకోవడం ఎందుకు? అడుగున అంగుళం మందాన రాళ్లుప్పు, దాని మీద చిన్న స్టాండు. మూతపెట్టి మధ్యరకం మంట మీద 10 నిమిషాలు. ఆ ఉప్పు కూరల్లోకి రాదు, సీసాలో దాచుకుని మళ్లీ దీనికే వాడుకోండి.

కేకు గిన్నెలో వెన్నకాగితం బదులు లేత అరటాకు పరవండి. ముందు మంట మీద అటూ ఇటూ చూపిస్తే వాడుతుంది, చిరగకుండా వంగుతుంది. అడుగున అంటుకోదు, వాసన అదనం.

ఇప్పుడు కలపడం. నా మొదటి కేకు పాడైంది ఇక్కడే. అన్నీ మిక్సీలో వేసి తిప్పేశాను. పని తేలికైందనుకున్నాను, కోస్తే రబ్బరు చెప్పులాంటి ముక్క. పిండి తడిలో పడి ఎక్కువ కలిపేకొద్దీ గోధుమలోని జిగురు సాగుతుంది. పూరీకి అది మంచిదే, కేకుకి శత్రువు. అందుకని గుజ్జుని చేత్తోనో పప్పుగుత్తితోనో మెదిపి, బెల్లం, పెరుగు, నూనె అందులోనే కలపండి. ఇంకో గిన్నెలో పిండి, సోడా, ఉప్పు, యాలకుల పొడి రెండుసార్లు జల్లించండి. ఈ పొడిని గుజ్జులో పోసి, కింద నుంచి పైకి, పదిహేను ఇరవై సార్లు తిప్పి ఆపేయండి. అక్కడక్కడా చిన్న ఉండలున్నా ఫరవాలేదు. పిండి గరిటె మీంచి ధారగా కాకుండా ముద్దముద్దగా జారాలి. ఇడ్లీపిండి కన్నా కాస్త చిక్కన.

సోడా సంగతి. దానికి పులుపు తగిలితే గ్యాసు బాగా పుడుతుంది, కేకు పొంగుతుంది. పెరుగు, పండు ఆ పని చేస్తాయి, బెల్లం కూడా కొంత సాయపడుతుంది. తడి తగిలిన క్షణం నుంచే పొంగు మొదలవుతుంది కాబట్టి, కలిపాక ఫోన్ మాట్లాడుతూ కూర్చోకూడదు. ఎక్కువ పొంగాలని ఇంకో అర చెంచా వేశారనుకోండి, దాన్ని కరిగించేంత పులుపు పిండిలో ఉండదు, మిగిలిన సోడా నోటికి సబ్బులా తగులుతుంది. కేకు రంగు కూడా మరీ నల్లబడుతుంది. రెండోసారి నేను చేసిన తప్పు అది. ఇంటికొచ్చిన అత్తయ్య ఒక ముక్క తిని ‘బట్టలుతుకుతున్నావా?’ అంది.

కేకు గిన్నెలో మూడింట రెండు వంతులకి మించి పోయకండి. దాన్ని వేడెక్కిన పెద్ద గిన్నెలో స్టాండు మీద పెట్టి, మంట బాగా తగ్గించి, మూతపెట్టి 45 నుంచి 55 నిమిషాలు. మొదటి అరగంట మూత తీయొద్దు, వేడి పోయి నడుమ కూర్చుండిపోతుంది. తర్వాత కొబ్బరి ఈనె ఒకటి శుభ్రంగా కడిగి తుడిచి, నడుమ గుచ్చి చూడండి. తడిపిండి అంటుకోకపోతే దించేయొచ్చు. ఒకటి రెండు పొడి పలుకులు అంటుకుంటే మంచిదే. కింద నుంచే వేడి కాబట్టి పైన ఎర్రగా కాలదు, పాలిపోయినట్టుంటుంది. ఉడకలేదని భయపడి ఇంకో అరగంట ఉంచితే అడుగు మాడుతుంది.

పూర్తిగా చల్లారాక కోయండి. మర్నాటికి ఇంకా బాగుంటుంది, తడి అంతా సమంగా పరుచుకుంటుంది. మన తేమ గాలిలో రెండు రోజులకి మించి బయట ఉంచొద్దు, వానాకాలమైతే మర్నాడే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

ఇంటిపని: ఒకే కొలతతో రెండు చిన్న కేకులు చేయండి, ఒకటి కర్పూరంతో, ఒకటి చక్కెరకేళితో. ఏది ఎంత పొంగిందో, దేనికి పాలు కలపాల్సొచ్చిందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో కొబ్బరిపాలతో అరటి పాయసం చేస్తాం. ఒక కొబ్బరికాయ, ఈసారి మిగిలిన బెల్లం దగ్గర పెట్టుకోండి.